ఒక గుమాస్తా, వంద గిడ్డంగులు



కల్లంలో మిరపకాయలు ఎండాక వాటిని టిక్కీలకెత్తి ఏం చేస్తారో మన పర్చూరు ప్రాంతపు పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ధర బాగుంటే గుంటూరు యార్డుకు తోలతారు. బాగాలేకపోతే కోల్డ్ స్టోరేజిలో పెట్టి, మంచి ధర కోసం ఎదురుచూస్తారు. నాన్నతోనో తాతయ్యతోనో మీరెప్పుడైనా అక్కడికి వెళ్ళి ఉంటే, ఆ దృశ్యాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోండి.

కిటికీ దగ్గర గుమాస్తా కూర్చుని ఉంటాడు. "నా సరుకులో పది టిక్కీలు కావాలండీ" అంటూ రైతు రశీదు ఇస్తాడు. గుమాస్తా పుస్తకం తిరగేసి, ఆ సరుకు ఏ గదిలో ఎన్నో వరసలో ఉందో చూసి హమాలీలకు చెబుతాడు. హమాలీలు వెళ్ళి తెస్తారు. రైతు లోపలికి వెళ్ళడు. గుమాస్తా బస్తా ఎత్తడు. హమాలీ లెక్కలు చూడడు. ఎవరి పని వారిదే.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ యజమాని మరో ఊళ్ళో ఇంకో కోల్డ్ స్టోరేజి కట్టించి, ఇదే గుమాస్తాను అక్కడికి పంపాడనుకుందాం. పాతదానిలో మెట్లెక్కి బస్తాలు దించేవారు. కొత్తదానిలో లిఫ్టు ఉంది. మరి గుమాస్తా లెక్కలు రాయడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలా? అక్కరలేదు కదూ! ఆ కొత్త భవనం ఆనుపానులు తెలిసిన హమాలీలు ఉంటే చాలు.

సుమారు 50 ఏళ్ళ క్రితం అమెరికాలో ఒక అధ్యాపకుడు కంప్యూటరు విషయంలో సరిగ్గా ఈ ఏర్పాటే చేశాడు. దానివల్ల ఒకే నిర్వహణ వ్యవస్థ, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకదానితో ఒకటి పోలికలేని ఎన్నో యంత్రాల మీద పనిచేయగలిగింది. ఒక యంత్రం కోసం రాసినదాన్ని మరో యంత్రానికి తగినట్టు మార్చి పనిచేయించడాన్ని పోర్టింగ్ అంటారు. అది ఎలా చేస్తారో, ఎక్కడ కుదరదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

గుమాస్తా లేని రోజులు

1970లలో కంప్యూటరంటే పెద్ద సంస్థల సొత్తు. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. కూడా టీడీసీ అనే పేరుతో కంప్యూటర్లు తయారుచేసింది. అవన్నీ పరిశోధనశాలలకూ కార్యాలయాలకూ పనికివచ్చేవి. మామూలు మనిషి ఇంటికి తెచ్చుకునే యంత్రాలు కావు.

1974లో ఇంటెల్ సంస్థ 8080 అనే మైక్రోప్రాసెసర్‌ను విడుదల చేసింది. అది గోరంత సిలికాన్ పలక మీద ఇమిడిన గణన యంత్రం. దాన్ని ఆధారం చేసుకుని 1975లో ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరు వచ్చింది. దానికి మొదట తెర లేదు, మీటల పలక లేదు. ముందువైపు వరసగా స్విచ్చులూ చిన్న దీపాలూ ఉండేవి. స్విచ్చులు పైకీ కిందికీ వేస్తూ ఆజ్ఞలను ఒక్కొక్కటిగా లోపలికి పంపాలి.

సమాచారాన్ని దాచుకోవడానికి అప్పుడప్పుడే ఫ్లాపీ డిస్కులు వచ్చాయి. ఫ్లాపీ అంటే అయస్కాంత పూత పూసిన పలుచని ప్లాస్టిక్ పళ్ళెం. 8 అంగుళాల ఫ్లాపీ మీద 77 వలయాలుండేవి. వాటిని ట్రాకులంటారు. ఒక్కొక్క ట్రాకును 26 సెక్టారులుగా విభజించేవారు. ఒక్కొక్క సెక్టారులో 128 బైట్లు పడతాయి. ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. గుణించి చూడండి:

77 × 26 × 128 = 2,56,256 బైట్లు.

ఈనాడు మన సెల్‌ఫోనులో తీసే ఫోటో 25 లక్షల బైట్లు ఉంటే, ఆ ఒక్క ఫోటో దాచడానికి ఇలాంటి ఫ్లాపీలు 10 కావాలి. అయినా ఆ రోజుల్లో అది చాలా పెద్ద గిడ్డంగే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గిడ్డంగి ఉంది గాని గుమాస్తా లేడు. జమాఖర్చుల ప్రోగ్రాము రాసేవాడు జమాఖర్చుల సంగతి ఒక్కటే చూసుకుంటే సరిపోదు. పళ్ళేన్ని ఎలా తిప్పాలి, చదివే తలను ఎన్నో ట్రాకుకు జరపాలి, ఖాళీ చోటు ఎక్కడుంది అనే సంగతులు కూడా తానే రాసుకోవాలి. రైతే కోల్డ్ స్టోరేజి గోడలెక్కి తన బస్తాలు వెతుక్కున్నట్టన్నమాట! పైగా ఒక కంపెనీ డిస్కు యంత్రానికీ మరో కంపెనీ డిస్కు యంత్రానికీ పొంతన లేదు. యంత్రం మారిందంటే ప్రోగ్రాము మొత్తం తిరగరాయవలసిందే.

గ్యారీ కిల్డాల్

గ్యారీ కిల్డాల్ 1942లో అమెరికాలోని సియాటిల్ నగరంలో పుట్టాడు. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరేలో నౌకాదళం వారి ఉన్నత విద్యాసంస్థలో కంప్యూటర్ శాస్త్రం బోధించేవాడు. తీరిక వేళల్లో ఇంటెల్ సంస్థకు సలహాదారుగా పనిచేసేవాడు. ఆ చిన్న ప్రాసెసర్ల కోసం పీఎల్/ఎమ్ అనే భాషను తయారుచేసింది అతనే.

8080తో పనిచేసే ఒక యంత్రం, షుగార్ట్ సంస్థ వారి ఒక ఫ్లాపీ డ్రైవు అతని దగ్గరికి చేరాయి. అయితే ఆ రెండింటినీ కలిపే ఎలక్ట్రానిక్ పలక లేదు. తానే తయారుచేయబోయి విఫలమయ్యాడు. చివరికి జాన్ టొరోడ్ అనే మిత్రుణ్ణి సాయమడిగాడు. ఇద్దరూ పని పంచుకున్నారు. పలక టొరోడ్‌ది, ప్రోగ్రాము కిల్డాల్‌ది.

ఇక్కడొక సందేహం రావాలి మీకు. డిస్కు ఇంకా తగిలించనే లేదు. మరి డిస్కును నడిపే ప్రోగ్రామును ఎలా రాశాడు? ఎలా పరీక్షించాడు? కిల్డాల్ అంతకుముందే ఒక ఉపాయం చేసిపెట్టుకున్నాడు. పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటరు మీద 8080ను అనుకరించే ప్రోగ్రాము రాసుకున్నాడు. అంటే పెద్ద యంత్రం చిన్న యంత్రం వేషం వేసుకుని, దాని ఆజ్ఞలను అచ్చం అదే చేసినట్టు చేసి చూపిస్తుందన్నమాట. ఇలాంటి ప్రోగ్రామును సిమ్యులేటర్ అంటారు. నిజమైన యంత్రం సిద్ధమయ్యేలోపే తప్పులు చాలావరకు దిద్దుకోవచ్చు.

1974లో టొరోడ్ పలక పూర్తయింది. కిల్డాల్ తన ప్రోగ్రామును రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు మీదనుంచి యంత్రంలోకి ఎక్కించి, అక్కణ్ణుంచి ఫ్లాపీ మీదికి రాశాడు. తరవాత ఫ్లాపీ నుంచే యంత్రాన్ని మేల్కొలిపాడు. ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నానని తెలిపే గుర్తు తెర మీద కనిపించింది! పసిఫిక్ గ్రోవ్ అనే ఊళ్ళో, కిల్డాల్ ఇంటి ఆవరణలో జరిగిన సంగతి ఇది. ఆ ప్రోగ్రాము పేరే సీపీ/ఎమ్.

తిరగరాసి, తిరగరాసి...

మొదటి సీపీ/ఎమ్‌లో ఇప్పుడు మనం చెప్పుకుంటున్న గుమాస్తా, హమాలీ విడివిడిగా లేరు. అన్నీ కలిసిపోయి ఉండేవి. ఒక కంపెనీ "మా డిస్కు యంత్రం వేరు, దానికి తగ్గట్టు మార్చి ఇవ్వండి" అంటే కిల్డాల్ ప్రోగ్రాము నిండా వెతికి, డిస్కు ప్రసక్తి వచ్చిన చోటల్లా మార్చేవాడు. మరో కంపెనీ వస్తే మళ్ళీ అదే పని. ఒకచోట మార్చడం మరిచిపోతే ప్రోగ్రాము చెడుతుంది. చెడితే ఎక్కడ చెడిందో వెతకాలి.

1976లో ఇమ్సాయ్ అనే కంప్యూటర్ల కంపెనీకి నిర్వహణ వ్యవస్థ అవసరమైంది. ఆ కంపెనీ తరపున గ్లెన్ ఎవింగ్ అనే ఇంజనీరు కిల్డాల్‌ను కలిశాడు. ప్రతిసారీ ఈ తిరగరాత ఏమిటని విసిగిపోయిన కిల్డాల్ అప్పుడు ఎవింగ్‌తో కలిసి సీపీ/ఎమ్‌ను విడదీశాడు. యంత్రాన్ని బట్టి మారే ఆజ్ఞలన్నిటినీ ఏరి ఒకచోట చేర్చాడు. దానికి బయాస్ అని పేరుపెట్టాడు. మిగిలినది యంత్రం ఏదైనా మారదు.

చూశారా! ఇందులో కొత్త యంత్రం కనిపెట్టింది లేదు. మారేదాన్ని మారనిదానినుంచి వేరుచేయడం ఒక్కటే జరిగింది. అయినా అంతవరకూ ప్రోగ్రాము నిండా వెతికి చేయవలసిన మార్పులు ఆ ఒక్క భాగానికే పరిమితమయ్యాయి.

సీపీ/ఎమ్‌లో ముగ్గురు

విడదీశాక సీపీ/ఎమ్‌లో మూడు భాగాలు తేలాయి.

మొదటిది సీసీపీ. మనం మీటల పలక మీద టైపు చేసిన ఆజ్ఞను వినేది ఇదే.

రెండవది బీడాస్. ఇది మన గుమాస్తా. డిస్కు మీద ఏ ఫైలు ఏ చోట ఉందో చూపే పట్టిక దీని చేతిలో ఉంటుంది. మామూలు 8 అంగుళాల ఫ్లాపీలో ఆ పట్టికకు 64 పద్దులు. ఒక్కొక్క పద్దుకు 32 బైట్లు. అందులో ఫైలు పేరుకు 8 అక్షరాలు, దాని రకానికి 3 అక్షరాలు కేటాయించారు.

మూడవది బయాస్. ఇది హమాలీల జట్టు. సీపీ/ఎమ్ 2.2 అనే కూర్పులో ఈ జట్టు చేయవలసిన పనులు సరిగ్గా 17. యంత్రాన్ని మేల్కొలపడం, ఏదైనా మీట నొక్కారేమో చూడటం, నొక్కిన అక్షరాన్ని తేవడం, తెర మీద ఒక అక్షరం చూపడం, ప్రింటరుకు ఒక అక్షరం పంపడం, ఫలానా డ్రైవును ఎంచుకోవడం, ఫలానా ట్రాకుకు వెళ్ళడం, ఫలానా సెక్టారును ఎంచుకోవడం, ఒక సెక్టారు చదవడం, ఒక సెక్టారు రాయడం వంటివి. ఎంత చిన్న పనులో గమనించండి. హమాలీకి ఫైలు పేరు తెలియదు. అందులో ఉన్నది ఉత్తరమో లెక్కో కూడా తెలియదు. "30వ ట్రాకు, 7వ సెక్టారు తీసుకురా" అంటే తెస్తాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీరు రాసుకున్న ఉత్తరాన్ని తెర మీద చూపమని టైపు చేశారు. సీసీపీ ఆ మాట విని బీడాస్‌కు చెబుతుంది. బీడాస్ పట్టిక తిరగేసి, ఉత్తరం మొదటి ముక్క 30వ ట్రాకు 7వ సెక్టారులో ఉందని తెలుసుకుంటుంది. బయాస్‌ను పిలిచి ట్రాకు సంఖ్య, సెక్టారు సంఖ్య, తెచ్చిన 128 బైట్లు మెమొరీలో ఎక్కడ పెట్టాలో చెప్పి, "చదువు" అంటుంది. తల ఎలా కదులుతుంది, ఏ తీగ మీద ఏ సంకేతం పంపాలి అనేది ఆ యంత్రం బయాస్‌కు మాత్రమే తెలుసు.

మరి రైతు ఎవరు? మనకు ఉపయోగపడే ప్రోగ్రాములే రైతులు. వారికి కిటికీ ఎక్కడుందో తెలిస్తే చాలు. సీపీ/ఎమ్‌లో ఆ కిటికీ మెమొరీలో 5వ నంబరు గది. ఏ ప్రోగ్రాముకు ఏ పని కావాలన్నా 5వ గది తలుపు తట్టాలి. నిజానికి గుమాస్తా అక్కడ ఉండడు. యంత్రానికి మెమొరీ ఎంత ఉంటే అంత పైఅంచున కాపురం ఉంటాడు. ఒక యంత్రంలో మెమొరీ తక్కువ, మరో దానిలో ఎక్కువ. కనుక అతని గది మారుతూ ఉంటుంది. 5వ గదిలో "ఫలానా గదికి వెళ్ళండి" అని ఒక ఆజ్ఞ మాత్రం రాసి ఉంటుంది. అసలు గది మారినా కిటికీ మారదు. ప్రోగ్రాములు మాత్రం ఎప్పుడూ 256వ గది నుంచే మొదలవుతాయి. ఇది కూడా మారదు.

తిరిగే పళ్ళెం లెక్క

బయాస్ చేసే 17 పనుల్లో చివరిది సెక్టారు నంబరు మార్చి చెప్పడం. ఇదెందుకో తెలుసుకుంటే హమాలీ పనితనం ఎంతటిదో అర్థమవుతుంది. పలక, పెన్సిలు తీసుకోండి.

8 అంగుళాల ఫ్లాపీ నిమిషానికి 360 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 6 చుట్లు. ఒక్కొక్క చుట్టులో 26 సెక్టారులు తల కింద నుంచి పోతాయి. 6 × 26 = 156. కాబట్టి ఒక సెక్టారు దాటిపోవడానికి పట్టే కాలం సెకనులో 156వ వంతు.

యంత్రం 1వ సెక్టారు చదివింది. చదివిన 128 బైట్లను సర్దుకుని, తరవాతిది అడగడానికి దానికి కొంచెం సమయం కావాలి. అంతలోనే 2వ సెక్టారు తల కింద నుంచి జారిపోతుంది. ఇక అది మళ్ళీ రావాలంటే పళ్ళెం పూర్తి చుట్టు తిరగాలి. ప్రతి సెక్టారు దగ్గరా ఇలాగే జరిగితే 26 సెక్టారులు చదవడానికి 26 చుట్లు కావాలి. 26 ÷ 6 = 4.33 సెకన్లు.

దీనికి విరుగుడుగా సెక్టారులను వరసగా కాకుండా ఆరేసి చొప్పున దూకుతూ వాడారు. 1 తరవాత 7, ఆ తరవాత 13, 19, 25. పాతికకు ఆరు కలిపితే 31. సెక్టారులు 26 మాత్రమే కనుక 26 తీసేస్తే 5. మళ్ళీ 11, 17, 23, 3, 9, 15, 21. ఇరవయ్యొకటికి ఆరు కలిపి 26 తీసేస్తే 1 వస్తుంది. దాన్ని ఇదివరకే వాడేశాం. అందుకని ఒక గడి పక్కకు జరిగి 2 దగ్గర మొదలుపెట్టి 8, 14, 20, 26... ఇలా సరిసంఖ్యలన్నీ పూర్తిచేస్తారు. రెండు సెక్టారుల మధ్య అయిదు సెక్టారులు దాటేంత విరామం దొరుకుతుంది. ఆలోపు యంత్రం తన పని చూసుకుంటుంది. ఈ పద్ధతిలో 26 సెక్టారులూ సుమారు 6 చుట్లలో, అంటే ఒక్క సెకనులో చదవవచ్చు.

4.33 సెకన్లు ఎక్కడ? ఒక్క సెకను ఎక్కడ? పళ్ళెం వేగం పెంచలేదు, ప్రాసెసర్‌ను మార్చలేదు. అడిగే వరస మారింది, అంతే. అయితే ఆరేసి చొప్పున దూకడం ఈ పళ్ళేనికీ ఈ వేగానికీ కుదిరింది. మరో రకం డిస్కుకు మరో లెక్క కావాలి. అందుకే ఈ లెక్కను గుమాస్తాకు కాక హమాలీకి అప్పగించారు. గుమాస్తా 1, 2, 3 అనే అడుగుతాడు.

పోర్టింగ్ ఎలా చేసేవారు?

మీరు 1979లో ఒక కొత్త రకం కంప్యూటరు తయారుచేశారనుకోండి. కిల్డాల్ సంస్థ డిజిటల్ రీసెర్చ్ నుంచి సీపీ/ఎమ్ ఫ్లాపీ తెప్పించారు. అందులోని బయాస్ ఇంటెల్ వారి ఒక యంత్రం కోసం రాసినది. మీ యంత్రంలో అది పనిచేయదు. అప్పుడేం చేయాలో సంస్థ వారు ఒక పుస్తకంలో వివరించారు. ఆ అంచెలివి.

మొదటి అంచె: నిర్వహణ వ్యవస్థ డిస్కులోని మొదటి 2 ట్రాకుల్లో ఉంటుంది. అంటే 52 సెక్టారులు, 6,656 బైట్లు. ఆ రెండు ట్రాకులను మెమొరీలోకి చదివే చిన్న ప్రోగ్రాము మీ యంత్రానికి తగినట్టు మీరే రాయాలి.

రెండవ అంచె: దాన్ని ముందు ఖాళీ డిస్కు మీద పరీక్షించాలి. సరిగా చదివిందా? చదవబోయి డిస్కు మీద ఏమైనా చెరిపేసిందా? ఈ రెండూ చూడాలి. అసలు డిస్కును తొందరపడి పెట్టకూడదు. అది చెడితే చేతిలో ఉన్న ఒకే ఒక్క ప్రతి పోయినట్టే.

మూడవ అంచె: మెమొరీ నుంచి డిస్కు మీదికి రాసే ప్రోగ్రామును కూడా ఇలాగే తయారుచేసి, ఖాళీ డిస్కు మీదే పరీక్షించాలి.

నాలుగవ అంచె: 17 పనులతో మీ సొంత బయాస్ రాయాలి. సీపీ/ఎమ్‌ను మెమొరీలోకి చదివి, పాత బయాస్ ఉన్న చోట మీదాన్ని పెట్టి నడిపించాలి. అంతా సరిగా ఉంటే ఆజ్ఞ కోసం ఎదురుచూసే గుర్తు తెర మీద వస్తుంది.

అయిదవ అంచె: ఇలా కుదిరినదాన్ని కొత్త డిస్కు మీద రాసుకోవాలి. మొట్టమొదటి సెక్టారులో 128 బైట్ల లోపు ఇమిడే ఒక బుల్లి ప్రోగ్రాము పెట్టాలి. యంత్రానికి కరెంటు ఇవ్వగానే ఈ ఒక్క సెక్టారు లోపలికి వస్తుంది. అది మిగిలిన 51 సెక్టారులనూ లాక్కువస్తుంది. చిన్న దీపంతో పెద్ద దీపం వెలిగించినట్టు!

ఈ పని కష్టమే. కాని ఒక యంత్రానికి ఒక్కసారి చేస్తే చాలు. ఆ తరవాత సీపీ/ఎమ్ కోసం అంతవరకూ ఎవరెవరో రాసిన ప్రోగ్రాములు చాలావరకు మీ యంత్రం మీద నడుస్తాయి.

కుదరని చోట్లు

ఏ ఏర్పాటుకైనా హద్దులుంటాయి. అవి కూడా చెప్పుకోకపోతే పాఠం సగమే అవుతుంది.

1977లో టీఆర్‌ఎస్-80 అనే కంప్యూటరు వచ్చింది. అందులో చెరపడానికి వీల్లేని శాశ్వత మెమొరీని 0వ గది నుంచే అమర్చారు. మన కిటికీ 5వ గది కదా! అక్కడ గోడ కట్టేసి ఉంది. కొందరు సీపీ/ఎమ్‌ను 16,896వ గది దగ్గరికి జరిపి నడిపించారు. గుమాస్తా పనిచేశాడు గాని రైతులు పాత కిటికీకే వచ్చి తలుపు తట్టారు. ఆ ప్రోగ్రాములు అక్కడ నడవలేదు. గుమాస్తా ఉండటమొక్కటే చాలదు, అందరూ నమ్ముకున్న చోట ఉండాలి.

యాపిల్-2 కంప్యూటరులో చిక్కు వేరు. దాని ప్రాసెసర్ 6502. అది 8080 భాష అర్థం చేసుకోదు. భాషే రానప్పుడు హమాలీలను మార్చి ఏం లాభం? 1980లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక అదనపు పలక అమ్మింది. దాని మీద జెడ్-80 అనే మరో ప్రాసెసర్ ఉంది. దానికి 8080 భాష మొత్తం వచ్చు. పలకను తగిలిస్తే యాపిల్ మీద సీపీ/ఎమ్ నడిచింది.

ఇలాంటి సంగతి మన దేశపు బడులకూ సంబంధించినదే. 1984లో పాఠశాలల్లో కంప్యూటరును పరిచయం చేయడానికి క్లాస్ అనే పథకం మొదలైంది. ఆ బడులకు బ్రిటన్ వారి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వాటిలోనూ 6502 ప్రాసెసరే. బీబీసీ మైక్రో మీద సీపీ/ఎమ్ నడపాలంటే జెడ్-80 ఉన్న మరో పెట్టెను పక్కన తగిలించుకోవలసి వచ్చేది.

మూడవ చిక్కు కిల్డాల్ గీసిన గీతలోనే ఉంది. బయాస్‌కు తెర మీద ఒక అక్షరం చూపడం తెలుసు. తెరను మొత్తం తుడవడం, ఫలానా వరసకు వెళ్ళి రాయడం ఆ 17 పనుల్లో లేవు. ఒక్కొక్క కంపెనీ తెరకు ఒక్కొక్క సంకేతం. అందుకే వర్డ్‌స్టార్ వంటి రాతకోతల ప్రోగ్రామును కొన్నవారు మొదట "మీ తెర ఏది?" అనే ప్రశ్నకు జవాబు చెప్పి, దాన్ని తమ యంత్రానికి సర్దుకోవలసి వచ్చేది. మారేవాటిలో ఒకదాన్ని వదిలేస్తే, ఆ బరువు ప్రతి రైతు నెత్తినా పడిందన్నమాట.

ఆ తరవాత

1980లో టిమ్ ప్యాటర్‌సన్ అనే ఇంజనీరు ఇంటెల్ వారి కొత్త 8086 ప్రాసెసర్ కోసం మరో నిర్వహణ వ్యవస్థ రాశాడు. సీపీ/ఎమ్ ప్రోగ్రాములను సులువుగా మార్చుకోవడానికి వీలుగా, ప్రోగ్రాములు అడిగే తీరును సీపీ/ఎమ్ పద్ధతిలోనే ఉంచాడు. దాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. 1981లో ఐబీఎమ్ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో అదే నడిచింది. డాస్ అని పేరుపొందింది అదే. సీపీ/ఎమ్ క్రమంగా వెనకబడింది. కిల్డాల్ 1994లో మరణించాడు.

కాని అతను గీసిన గీత చెరిగిపోలేదు. డాస్‌లో ఫైలు పేరుకు 8, రకానికి 3 అక్షరాలు అనే నియమం కొనసాగింది. బయాస్ అనే మాట ఐబీఎమ్ కంప్యూటరులోనూ, ఆ తరవాత వచ్చిన కోట్లాది కంప్యూటర్లలోనూ నిలిచింది. ఇప్పటి కంప్యూటర్లలో దాని స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త ఏర్పాటు వచ్చినా, బాగుచేసేవాళ్ళు ఇంకా "బయాస్‌లోకి వెళ్ళి చూడు" అనే అంటుంటారు. మీ ఇంట్లో సెల్‌ఫోను సంగతి చూడండి. అమ్మ ఫోను ఒక కంపెనీది, మామయ్య ఫోను మరో కంపెనీది. కెమెరాలు వేరు, తెరలు వేరు. అయినా రెండింటిలోనూ ఆండ్రాయిడ్ నడుస్తుంది. ఒకే ఆట రెండింటిలోనూ ఆడుకోవచ్చు. అక్కడా గుమాస్తా వేరు, హమాలీలు వేరు.

2014లో పసిఫిక్ గ్రోవ్‌లో సీపీ/ఎమ్ జ్ఞాపకార్థం ఒక ఫలకం పెట్టారు. అదే ఏడు అమెరికాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియం సీపీ/ఎమ్ తొలి కూర్పుల మూలరచనను చదువుకోవడానికి అందరికీ అందుబాటులో ఉంచింది. ఆనాటి యంత్రాలు చాలావరకు తుప్పుపట్టాయి. సీపీ/ఎమ్ మాత్రం ఈనాటి కంప్యూటర్ల మీద, పాత యంత్రం వేషం వేసే ప్రోగ్రాములలో, ఇప్పటికీ నడుస్తోంది. మొదట పెద్ద యంత్రం లోపల వేషంగా పుట్టినది మళ్ళీ అలాగే బతుకుతోంది!

పిల్లలూ, మనం చేసిన పని మనం వాడిన యంత్రంతోపాటే పోవాలా? పోనక్కరలేదని ఈ పాఠం చెబుతోంది. ఏదైనా చేసేముందు "ఇందులో రేపు మారేది ఏది? మారనిది ఏది?" అని అడగండి. రెండింటికీ మధ్య ఒక గీత గీయండి. ఆ గీత సరిగా గీస్తే మీ శ్రమ మరో యంత్రానికీ, మరో మనిషికీ ఉపయోగపడుతుంది.

మీరే చేసి చూడండి

అట్టముక్క మీద పళ్ళెమంత వృత్తం గీసి 26 భాగాలు చేయండి. సవ్యదిశలో 1 నుంచి 26 వరకు అంకెలు వేయండి. 1 దగ్గర చింతగింజ పెట్టి ఆరేసి గడుల చొప్పున జరపండి. వాలిన అంకెను రాసుకుంటూ, 1 మళ్ళీ వస్తే 2కు జరిపి కొనసాగించండి. 26 అంకెలూ ఒక్కొక్కసారే వచ్చాయా? గింజ ఎన్ని చుట్లు తిరిగింది?

జవాబు చెప్పండి

1. ఒక డిస్కు నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. ట్రాకుకు 10 సెక్టారులు. ఒక్కొక్క సెక్టారుకు ఒక చుట్టు పడితే ట్రాకంతా చదవడానికి ఎన్ని సెకన్లు?

2. వీటిలో గుమాస్తా పనులేవి, హమాలీ పనులేవి? (అ) ఫైలు పేరు మార్చడం (ఆ) మీట నొక్కారో లేదో చూడటం (ఇ) డిస్కు మీద ఖాళీ చోటు ఎంచడం (ఈ) తలను 30వ ట్రాకుకు జరపడం.

3. బల్బు మారినా హోల్డరు మారదు. మీ ఇంట్లోనో పొలంలోనో ఇలా మారేదాన్నీ మారనిదాన్నీ విడదీసిన ఏర్పాట్లు మరో మూడు వెతికి రాయండి.

(జవాబులు: 1. సెకనుకు 5 చుట్లు కనుక 2 సెకన్లు. 2. అ, ఇ గుమాస్తావి. ఆ, ఈ హమాలీవి. 3. మీరు వెతికినవి తరగతిలో మీ సైన్సు మాస్టారికి చూపించండి.)